హామ్ రేడియో తరంగాలకు కట్టడి మేలా, వెసులుబాటు మేలా: విశాఖ తీరం నుంచి ఒక బేరీజు

హామ్‌లు, అంటే లాభాపేక్ష లేకుండా లైసెన్స్ తీసుకుని సొంత రేడియో స్టేషన్ నడిపే ఔత్సాహికులు (అమెచ్యూర్లు), నలభై మీటర్ల బ్యాండ్ అని పిలుచుకునే ఫ్రీక్వెన్సీల మేర మన దేశంలో 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ వరకు, అంటే మొత్తం 200 కిలోహెర్ట్జ్ మాత్రమే. నోటి మాటతో, సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో జరిపే ఒక సంభాషణకు దాదాపు 3 కిలోహెర్ట్జ్ పడుతుంది కాబట్టి, ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా ఇందులో ఒకేసారి అరవై ఆరుకు మించి సంభాషణలు సాగవు. చుక్కలూ గీతలతో అక్షరాలు పంపే మోర్స్ కోడ్‌కు అందులో పదో వంతు చోటు చాలు. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతికి 50 హెర్ట్జ్ సరిపోతుంది కనుక, ఒక్క నోటి మాట ఆక్రమించే చోటులో అలాంటి సంకేతాలు అరవై దాకా పక్కపక్కనే ఇముడుతాయి. పగటి వేళ విశాఖపట్నం నుంచి విజయవాడకో భువనేశ్వర్‌కో మాట్లాడదలచిన హామ్‌కు సాధారణంగా ఈ బ్యాండే ఆధారం. ఇంత ఇరుకు స్థలాన్ని ఇన్ని రకాల వాడకందార్ల మధ్య ఎవరు పంచాలి, ఎంత గట్టిగా పంచాలి అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఇందుకు ప్రపంచంలో రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ వరకు ఏ పద్ధతి వాడవచ్చో, ఏ తరగతి లైసెన్స్ ఉన్నవారు ఎక్కడ తిరగవచ్చో ప్రభుత్వమే చట్టంలో రాసిపెట్టడం. జపాన్‌లో ఈ విభజన ప్రభుత్వ ప్రకటన ద్వారానే జరుగుతుంది. అమెరికాలో కూడా నలభై మీటర్ల మీద నోటి మాటకు ఒక భాగం, మోర్స్‌కూ డేటాకూ ఇంకో భాగం నిబంధనల్లోనే నిర్ణయించి ఉన్నాయి. రెండో దారిలో ప్రభుత్వం బ్యాండ్ అంచులను మాత్రం చూపించి ఊరుకుంటుంది, లోపలి సర్దుబాటు హామ్‌ల సంఘాలు తయారుచేసుకునే బ్యాండ్ ప్లాన్‌కు వదిలేస్తుంది. అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ మూడు ప్రాంతాలకు ఇలాంటి ప్లాన్‌లు నడుపుతోంది. భారతదేశం అందులో మూడో ప్రాంతం కిందికి వస్తుంది. ఐరోపా ఉన్న ఒకటో ప్రాంతపు ప్లాన్ పద్ధతి పేరు కన్నా ఆక్రమించే వెడల్పును కొలమానంగా తీసుకుని, ఇక్కడ 200 హెర్ట్జ్ మించరాదు, అక్కడ 2,700 హెర్ట్జ్ దాకా పోవచ్చు అన్నట్టు విభజిస్తుంది. దాన్ని మీరితే చాలా దేశాల్లో జరిమానా ఉండదు, తోటివారి దగ్గర మాట పడుతుంది, అంతే.

మన దేశం ఈ రెండింటి మధ్య ఎక్కడ ఉంది? 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం, వాటి కింద వచ్చిన 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ నిబంధనలు దశాబ్దాలుగా ఇక్కడి హామ్‌కు హద్దులు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంతో పాత చట్టాల స్థానంలో కొత్త చట్రం వచ్చింది. పన్నెండేళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాయవచ్చు. కింది తరగతి అయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ వారికి మోర్స్ అక్కరలేదు, హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) బ్యాండ్లలో 50 వాట్లు పరిమితి. జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ పరీక్ష, 400 వాట్ల దాకా అనుమతి. వాడదగిన ప్రసార పద్ధతులను కూడా జాబితాగా ఇచ్చిన నిబంధనలివి. అయితే ఒక బ్యాండ్ లోపల మోర్స్ ఎక్కడ, మాట ఎక్కడ అన్న గీతలు అమెరికా నిబంధనల్లో ఉన్నంతగా మన నిబంధనల్లో లేవు. అంటే మన వాకిలి దగ్గర తాళం గట్టిది, లోపలి గదులకు తలుపులు లేవు. ఈ అమరిక ఎవరో ఆలోచించి కుదిర్చినది కాకపోవచ్చు గానీ, నా లెక్కలో ఇందులో సగం సరైనదే.

కట్టడి వైపు వాదన విశాఖలో ఉన్నవారికి వేరే ఎవరూ వివరించనక్కరలేదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లోనే బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడి అమెచ్యూర్లను తమ ట్రాన్స్‌మిటర్లు అప్పగించమన్నది; 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. 1971 యుద్ధంలో విమానవాహక నౌక విక్రాంత్ ఇక్కడే ఉందని శత్రువు నమ్మేలా రాజ్‌పుత్ నౌక నుంచి కావాలనే భారీగా వైర్‌లెస్ సందేశాలు నడిపించారని, ఆ వేటలో వచ్చిన ఘాజీ జలాంతర్గామి డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి రేవు ముంగిట మునిగిందని నౌకాదళ కథనం. గాలిలో పోయే సంకేతం ఎవరిదో, ఎక్కడి నుంచో తెలియడం, తెలియకపోవడం అనే తేడా మీద ఒక ఊరి గతి ఆధారపడిన చరిత్ర ఇది. తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రం, నౌకాదళం చేతిలోని డేగా విమాన స్థావరం, రెండు రేవులు, చేపల రేవు అన్నీ కొద్ది కిలోమీటర్ల వ్యాసంలో ఉన్న చోట, ప్రతి సంకేతానికీ ఒక కాల్ సైన్ (లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు పేరు), దాని వెనక ఒక మనిషి చిరునామా ఉండాలనడం అధికారుల చాదస్తమని కొట్టిపారేయలేము.

ఇంకొంచెం దగ్గరగా చూస్తే ప్రమాదం గూఢచారుల వైపు నుంచి కన్నా చవక పరికరాల వైపు నుంచి ఎక్కువ. మనకు రెండు మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకే. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే చేతి సెట్లు మాత్రం తరచూ 136 నుంచి 174 దాకా ప్రసారం చేస్తాయి. ఓడలూ మరపడవలూ ఆపదలో పిలిచే సముద్ర ఛానల్ 16 ఉన్నది 156.8 మెగాహెర్ట్జ్ మీద. అంటే మీట మీద ఒకటి రెండు అంకెలు తప్పుగా నొక్కితే చాలు, బీచ్ రోడ్డు మీద సరదాగా మాట్లాడుకునేవారి గొంతు గంగవరం బయట లంగరు వేసిన ఓడ వీల్‌హౌస్‌లో వినిపిస్తుంది. బంగాళాఖాతం మీద గాలి పొరలు ఒక్కోసారి గొట్టంలా ఏర్పడి వీహెచ్‌ఎఫ్ (30 నుంచి 300 మెగాహెర్ట్జ్) తరంగాలను వందల కిలోమీటర్లు మోసుకుపోతాయి కాబట్టి, అయిదు వాట్లే కదా అన్న ధీమా తీర ప్రాంతంలో పనికిరాదు. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకపు వేదికలకు ఈ వాకీటాకీల విషయంలో నోటీసులిచ్చి మార్గదర్శకాలు తెచ్చింది. అంతకన్నా ముందే రావలసింది. లైసెన్స్ లేకుండా నాలుగు మాటలు చెప్పుకోవాలనేవారికి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తి సెట్లకు ప్రభుత్వం ఎటూ చోటు వదిలే ఉంచింది.

కాబట్టి బ్యాండ్ అంచు, పంపేవారి గుర్తింపు, సంకేతపు శుభ్రత అనే మూడింటిలో కట్టడిదే పైచేయి. శుభ్రత అంటున్నది రెట్టింపు ఫ్రీక్వెన్సీల మీద కారిపోయే శేష సంకేతాల సంగతి. 7.1 మెగాహెర్ట్జ్ సెట్‌లో ఫిల్టర్ సరిగా లేకపోతే 14.2 మీద కూడా వినిపిస్తుంది. అది హామ్ బ్యాండే కాబట్టి మనవాళ్లే తిట్టిపోస్తారు, బయటికి పొక్కదు. 145ను మూడింతలు చేస్తే వచ్చే 435 కూడా మనకున్న 434–438 బ్యాండ్‌లోనే పడుతుంది. ఈ కుదురు అన్ని బ్యాండ్లకూ లేదు. (ఈ సందర్భంలో ఒక మాట: హామ్‌ల యాభై వాట్ల గురించి ఇంత జాగ్రత్త పడే వ్యవస్థ, ఒక్కో అపార్ట్‌మెంటులో వందల కొద్దీ నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు పుట్టించే రొదను పట్టించుకోకపోవడం వింతే. నలభై మీటర్ల మీద ఊళ్లో ఇప్పుడు వినపడేది సగం ఆ రొదే.)

ఇక బ్యాండ్ లోపలికి వస్తే తూకం మారుతుంది. ఇందుకు అమెరికా అనుభవం చాలా చెబుతుంది కనుక కొంత వివరంగా చూడాలి. 1980లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ హామ్‌లకు కంప్యూటర్ అక్షరాల ప్రసారం అనుమతిస్తూ, హెచ్‌ఎఫ్ బ్యాండ్లలో డేటా వేగం సెకనుకు 300 సంకేతాలు మించరాదని హద్దు పెట్టింది. ఆనాటి పరికరాలకు అది అర్థవంతమైన హద్దే. సంకేతాల వేగం పెరిగితే వెడల్పు పెరుగుతుంది, వెడల్పు పెరిగితే పక్కవారికి చోటు తగ్గుతుంది. తరవాతి దశాబ్దాల్లో అదే వెడల్పులో అంతకు చాలా రెట్లు సమాచారం మోయగల పద్ధతులు వచ్చాయి. చట్టం మాత్రం వెడల్పును కాక వేగాన్ని కొలుస్తూనే ఉంది. ఫలితంగా, నోటి మాట కన్నా ఎక్కువ చోటు తినని ప్యాక్టర్ 4 వంటి వేగవంతమైన పద్ధతి అక్కడ నిషిద్ధం, అదే పని నత్తనడకన చేసే పాత పద్ధతి చెల్లుబాటు. నెమ్మదైన పద్ధతి అదే సందేశానికి బ్యాండ్‌ను ఎక్కువసేపు పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి, రద్దీ తగ్గించడానికి పెట్టిన నియమమే రద్దీ పెంచిందన్నమాట.

2013లో అక్కడి హామ్‌ల జాతీయ సంఘం ఈ హద్దు మార్చమని అడిగింది, 2016లో ఎఫ్‌సీసీ ప్రతిపాదన వెలువడింది, నిర్ణయం 2023 నవంబరులో వచ్చింది. వేగపు హద్దు పోయి 2.8 కిలోహెర్ట్జ్ వెడల్పు హద్దు వచ్చింది. మధ్యలో 2017లో పోర్టోరికోను తుపాను ముంచెత్తినప్పుడు, సహాయక సందేశాలు త్వరగా పోవాలని అదే సంస్థ అదే నియమానికి తాత్కాలిక మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. ఆపద వచ్చిన ప్రతిసారీ పక్కన పెట్టవలసిన నియమం మామూలు రోజుల్లో ఎవరికి మేలు చేస్తోందని ఆ పదేళ్లూ అక్కడివారు అడుగుతూనే ఉన్నారు. మన నిబంధనల్లోని పద్ధతుల జాబితాకు కూడా ఇదే జబ్బు. 1978లో రాసిన జాబితాలో 2017లో పుట్టిన పద్ధతి పేరు ఉండదు. సంకేతాల కోడ్‌లను బట్టి అది దేని కిందికి వస్తుందో అన్వయించుకోవాలి. కొత్తది ప్రయత్నించేవారికి అది అనుమతో కాదో తెలియని స్థితి, నిషేధం కన్నా ఎక్కువ నిరుత్సాహపరుస్తుంది.

అయితే వెసులుబాటు పక్షంవారు చెప్పకుండా దాటవేసేది ఒకటుంది. పెద్దమనుషుల ఒప్పందం మనుషుల మధ్య పనిచేస్తుంది. మనిషి పిలిచే ముందు చెవి పెట్టి వింటాడు, ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందా అని అడుగుతాడు, ఉంటే జరుగుతాడు. తనంతట తాను జవాబిచ్చే డిజిటల్ స్టేషన్‌కు ఆ మర్యాద తెలియదు. 7.074 మెగాహెర్ట్జ్ చుట్టూ ఎఫ్‌టీ8 గుంపు ఇప్పుడు రాత్రీ పగలూ తగ్గదు. ఆ ఫ్రీక్వెన్సీని ఏ ప్రభుత్వమూ కేటాయించలేదు, అలవాటు కేటాయించింది. అందులో తప్పు లేదు గానీ, దాని ఆనుపానుల్లో ఏళ్లుగా సాయంత్రాలు మాతృభాషలో మాట్లాడుకుంటున్న నలుగురు లేచిపోవలసి వస్తే వారు ఫిర్యాదు చేయడానికి గడప లేదు. ఎవరు ఎక్కువ స్టేషన్లతో మాట కలుపుతారో చూసే పోటీలు జరిగే వారాంతాల్లో అయితే అధిక శక్తి ఉన్నవాడిదే బ్యాండ్ ప్లాన్. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌లో 50 వాట్లతో, డాబా మీద కట్టిన వైర్ యాంటెన్నాతో పిలిచే కొత్త హామ్, వెసులుబాటు అనేది బలవంతుడికి అనుకూలమైన ఏర్పాటని ఆ రెండు రోజుల్లో నేర్చుకుంటాడు. బ్రిటన్ 2024లో పూర్తి స్థాయి లైసెన్స్ శక్తిని 400 నుంచి 1,000 వాట్లకు, ప్రారంభ స్థాయిని 10 నుంచి 25 వాట్లకు పెంచింది. పైకి ఈ రెండు స్థాయిలకూ రెండున్నర రెట్లే, న్యాయమే అనిపిస్తుంది. ఒకే పాళ్లలో పెరిగాక చిన్నవాడికీ పెద్దవాడికీ మధ్య ఎడం నిష్పత్తిలో ఉన్నదే ఉండిపోయింది; రద్దీ ఊళ్లలో చుట్టుపక్కల ఇళ్ల రేడియోలకూ టీవీలకూ తగిలేది మాత్రం ఆ వెయ్యి.

విశాఖ దృష్టితో ఇంకో తూకపురాయి ఉంది, అది తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 180 కిలోమీటర్ల స్థాయి గాలులతో తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలతో పాటు సెల్ టవర్లూ కూలాయి. రోజుల తరబడి ఊరికి మాట లేదు. హామ్‌లూ అప్పటి సహాయక పనుల్లో పాలుపంచుకున్నారు. అలాంటి వేళకు ఏ నియమం మేలు అంటే, జవాబు రెండు ముక్కలుగా వస్తుంది.

మొదటి ముక్క వెసులుబాటు వైపు. మామూలు రోజుల్లో మూడో వ్యక్తి తరఫున సందేశాలు మోయకూడదనే నియమం హామ్ రేడియో తపాలా వ్యాపారంగా మారకుండా కాపాడుతుంది; విపత్తులో అదే నియమం సడలాలి, సడలుతుందని ముందే తెలిసి ఉండాలి. అంతర్జాతీయ రేడియో నిబంధనల్లోని 25వ అధికరణం కూడా విపత్తు సమాచారానికి అమెచ్యూర్ స్టేషన్లను సిద్ధంగా ఉంచుకొమ్మని ప్రభుత్వాలను ప్రోత్సహిస్తుంది. సింహాచలం కొండలు దాటాక చేతి సెట్ల వీహెచ్‌ఎఫ్ తూర్పు కనుమల్లోకి చేరదు. పాడేరు, అరకు వైపు మాట పోవాలంటే నలభై మీటర్ల మీద సంకేతాన్ని దాదాపు నిట్టనిలువుగా ఆకాశంలోకి పంపి తిరిగి పడేలా చేయాలి, లేదా ఏదో కొండ మీద రిపీటర్, అంటే అందుకున్న సంకేతాన్ని మళ్లీ ప్రసారం చేసే స్టేషన్, ఉండాలి. రిపీటర్‌కు వేరే లైసెన్స్ కావాలి. ఆ కాగితం తుపాను హెచ్చరిక వచ్చాక అడిగితే దొరికేది కాదు. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్‌ను తాకినప్పుడు హామ్ భారతి ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రసారం చేయగలిగింది, కారణం ఏళ్లపాటు హామ్‌లకు మూసి ఉన్న ఆ దీవుల్లో ప్రసారానికి అనుమతి ఆ నెలలో వారి చేతిలో ఉండడమే. ఆ అనుమతి ఇంకో ఆరు నెలలు ఆలస్యమై ఉంటే సునామీ రోజున అక్కడ వారి యాంటెన్నా ఉండేది కాదు.

రెండో ముక్క కట్టడి వైపు. ఆపద వేళ ఏ ఫ్రీక్వెన్సీ మీద ఎవరు వింటారో, ఆ ఫ్రీక్వెన్సీని ఆ రోజు ఎవరు ముట్టకూడదో ముందే గట్టిగా నిర్ణయించి ఉండాలి. అందరూ సర్దుకుంటారులే అన్న నమ్మకం తుపాను రాత్రి చాలదు, ఎందుకంటే ఆ రాత్రి గాలిలోకి వచ్చేవారిలో బ్యాండ్ ప్లాన్ ఎన్నడూ చూడనివారే ఎక్కువ. ఇక్కడ స్వచ్ఛంద ప్లాన్ కన్నా జిల్లా యంత్రాంగపు ఆదేశంలో రాసి ఉన్న ఒక్క అంకెకే విలువ.

వాకిలి తాళం సంగతి క్లుప్తంగా చెబుతాను. పరీక్ష ఉండాలి, పోలీసు విచారణ ఉన్నా అభ్యంతరం లేదు. అభ్యంతరం కాలానికే. నాకు తెలిసిన ఇంజనీరింగ్ విద్యార్థి ఒకడు మూడో సంవత్సరంలో పరీక్ష ప్యాసై, కాల్ సైన్ చేతికి వచ్చేసరికి ఉద్యోగానికి వేరే రాష్ట్రం వెళ్లిపోయాడు; చిరునామా మారింది కనుక మళ్లీ కాగితాలు మొదలు. కఠినంగా ఉండడం వేరు, నిదానంగా ఉండడం వేరు. నిదానం వల్ల దేశ భద్రతకు కలిగే లాభమేమిటో ఎవరూ చెప్పలేదు, పైగా లైసెన్స్ కోసం ఎదురుచూసి విసిగినవాడే చవక సెట్ కొనుక్కుని పేరు లేకుండా మాట్లాడతాడు. మోర్స్ పరీక్ష మీద నాకు గట్టి అభిప్రాయం లేదు. 2003 ప్రపంచ రేడియో సదస్సు దాన్ని దేశాల ఇష్టానికి వదిలింది, అమెరికా 2007లో మానేసింది; మోర్స్ అక్కడ చావలేదు, ఇష్టమైనవారు నేర్చుకుంటూనే ఉన్నారు.

సందేశాన్ని రహస్య సంకేతాల్లో దాచకూడదన్న నియమం మీద మాత్రం నాది పూర్తిగా కట్టడి పక్షం. సరిహద్దులు దాటే హామ్ సంభాషణల్లో అర్థం మరుగుపడేలా కోడ్ చేయరాదని అంతర్జాతీయ నిబంధనలే చెబుతున్నాయి, ఉపగ్రహాల నియంత్రణ సంకేతాలకు తప్ప. ఈ ఊళ్లో ఆ నియమం సడలిస్తే ఏ నౌకాదళ అధికారీ హామ్‌లను నమ్మడు, నమ్మనక్కరలేదు కూడా. అమెరికాలో కొత్త డిజిటల్ పద్ధతుల మీద వచ్చిన అభ్యంతరాల్లో బలమైనది కూడా ఇదే: ప్రత్యేక మోడెమ్ కొంటే తప్ప ఇంకొకరు వినలేని పద్ధతి, చట్టం దృష్టిలో బహిరంగమే అయినా ఆచరణలో తలుపు మూసినట్టే. కాబట్టి పద్ధతికి అనుమతి ఇచ్చేటప్పుడు పేరు అడగకుండా రెండు ప్రశ్నలు అడిగితే చాలు: వెడల్పు ఎంత, దాన్ని ఎవరైనా విప్పి చదవగలిగేలా దాని వివరం ప్రచురించారా.

ఈ లెక్కన నేను కోరేది ఈ రెండు దారుల సగటు కాదు. అంచుల దగ్గర, గుర్తింపు దగ్గర, రహస్య సంకేతాల నిషేధం దగ్గర ఇప్పుడున్న దాని కన్నా గట్టి చట్టం. లోపల పద్ధతుల జాబితా ఎత్తేసి వెడల్పు హద్దు ఒక్కటే పెట్టడం. మాటకూ మోర్స్‌కూ మధ్య సర్దుబాటు ఇప్పటిలాగే హామ్‌ల ఒప్పందానికి వదలడం. దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి, రెండింటికీ చట్టపు గీత కావాలి. మనిషి లేకుండా తనంతట ప్రసారం చేసే స్టేషన్లకు ప్రతి బ్యాండ్‌లో ఒక మూల కేటాయించి, అది దాటితే శిక్ష ఉండాలి. రెండోది 145.8 నుంచి 146.0 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ఉపగ్రహ మేర. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన మన హామ్‌ల ఉపగ్రహం హామ్‌శాట్ తన సంకేతాలను దించింది అక్కడే. నేల మీద ఒక్క చేతి సెట్ అక్కడ మీట నొక్కి పట్టుకుంటే, వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి వాట్ కన్నా తక్కువ శక్తితో వచ్చే సంకేతం ఆ చుట్టుపక్కల ఎవరికీ వినపడదు, అడ్డం పడ్డవాడికి తాను అడ్డం పడ్డానని తెలియను కూడా తెలియదు.